గదిలో గట్టు గస్తీ

కాలువ గట్ల పరిరక్షణ మండలి, లంకలపాడు సబ్‌డివిజన్‌లో నేను సీనియర్ అసిస్టెంటును. పైనుంచి వచ్చిన ఉత్తర్వుకు నంబరు వేసి, ప్రతులు తీయించి కిందికి పంపడం నా పని. ఆలోచించే సీటు మా ఆఫీసుకు ఇంకా మంజూరు కాలేదు. అందుచేత ఈ వ్యవహారంలో నా తప్పేమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మా కాలువ పొడవు పద్నాలుగు మైళ్ళు. దేశమంతా కిలోమీటర్లలోకి మారిపోయినా మా గట్టు మీద పాతకాలం మైలురాళ్ళే ఉన్నాయి కాబట్టి మేం మారలేదు. గట్టును కనిపెట్టుకుని ఉండడానికి నలుగురు లస్కర్లు. పొద్దున్నే సైకిలెక్కి, తూములూ ఎలుక బొక్కలూ మట్టి జారిన చోట్లూ చూసుకుంటూ చివరిదాకా పోయి, సాయంత్రానికి తిరిగి రావడం వాళ్ళ ఉద్యోగం. మోటారు బళ్ళు గట్టును తినేస్తున్నాయని మండలే వాటిని నిషేధించి, మైలుకో చోట దగ్గర దగ్గరగా గుంజలు పాతించింది. ఆ సందులో సైకిలు పడుతుంది, మనిషి పడతాడు, గేదె కాస్త కష్టపడితే పడుతుంది.

నలుగురిలో పెద్దవాడు వాసంశెట్టి ఏడుకొండలు. యాభై ఎనిమిదేళ్ళు, అందులో ముప్పై ఒక్క ఏళ్ళు గట్టు మీదే గడిచాయి. అతని వెంట వెళ్ళినవాడికి ఓపిక నశించాల్సిందే. ప్రతి తూము దగ్గరా సైకిలు దిగుతాడు. అవతల వాలులోకి వంగి చూస్తాడు, అరచేత్తో మట్టి తడుముతాడు, మళ్ళీ ఎక్కుతాడు. ఆ లెక్కన తొమ్మిదో మైలు చేరేసరికి రెండున్నర గంటలు పట్టేది. రిజిస్టర్లో అలాగే రాసుకునేవాళ్ళం, ఎవరూ దాన్ని పట్టించుకున్న పాపాన పోలేదు.

ఇలా ఉండగా మా ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, అంటే మా ఈఈ, అక్కిరాజు శశిభూషణ్ గారు రాజధానిలో పదిహేను రోజుల నాయకత్వ శిక్షణకు వెళ్ళొచ్చారు. అక్కడ వారికి రోజూ స్పిన్నింగ్ క్లాసు పెట్టారట. తలుపులేసిన గది, మసక దీపాలు, చెవులు చిల్లులు పడే పాటలు, ఉన్నచోటే ఉండి తొక్కే సైకిళ్ళు. వారు నాలుగు కిలోలు తగ్గి, ఉత్సాహంలో అంతకు పదింతలు పెరిగి వచ్చారు. వచ్చిన మర్నాడే నాతో సర్క్యులర్ రాయించారు.

"క్షేత్రస్థాయి సిబ్బంది సైకిల్ తొక్కు సామర్థ్యమును శాస్త్రీయ ప్రాతిపదికన పెంపొందించవలసిన ఆవశ్యకత దృష్ట్యా, స్థిర ద్విచక్ర యంత్రములు పది సమకూర్చుకొనుటకు నిర్ణయించడమైనది."

యంత్రాలు వచ్చాక చూస్తే వాటికి చక్రం ఒక్కటే ఉంది. స్టోర్‌కీపరు అభ్యంతరం చెప్పాడు గాని, ఇండెంటు అప్పటికే వెళ్ళిపోయింది కనుక ద్విచక్రమనే దించుకున్నాం. ట్రావెలర్స్ బంగళా హాలు కిటికీలకు నల్ల తెరలు కట్టించి, పట్నం నుంచి ప్రణీత్ అనే కోచ్‌ని రప్పించారు. నోటి ముందు మైకు పెట్టుకుని, మనం పక్కనే ఉన్నా పక్క ఊళ్ళో ఉన్నట్టు అరవడం ఆ కుర్రాడికి అలవాటు.

మొదటి క్లాసుకు లస్కర్లతో పాటు ఆఫీసు వాళ్ళం ఆరుగురం వెళ్ళాం. ఇప్పుడు కొండ ఎక్కుతున్నాం, సీటు మీంచి లేవండి అన్నాడు ప్రణీత్. మన డెల్టాలో కొండెక్కడిదండి అని ఏడుకొండలు మర్యాదగానే అడిగాడు. ఊహించుకోవాలన్నారు. సరే అని పంచె ఎగ్గట్టి తొక్కాడు. పది నిమిషాలు కాగానే దిగాడు. యంత్రం పక్కన నిలబడి, వంగి, గచ్చు వైపు తేరిపార చూసి, మళ్ళీ ఎక్కాడు. ఇంకో పది నిమిషాలకు మళ్ళీ దిగాడు. ఎందుకు దిగావని అడిగితే, తూము వచ్చుంటదనిపించిందండి, కాళ్ళు వాటంతటవే దిగిపోయాయండి అన్నాడు. మనిషి దిగితే యంత్రం ఆపేసినట్టు లెక్క. యంత్రం లెక్కగట్టి కాగితం మీద వేసే మార్కుల్లో అతనికి నూటికి పంతొమ్మిది వచ్చాయి. మిగతా ముగ్గురు లస్కర్లదీ అదే తంతు, ముప్పై నాలుగు దాటినవాడు లేడు. ఈఈ గారికి తొంభై ఆరు. నాకు ఎనభై ఎనిమిది. కాలేజీ వదిలాక నేను సైకిలు ముట్టుకుని ఎరగను, అయినా వచ్చాయి. ఆ మార్కుల కాగితం ఇంట్లో ఫ్రేము కట్టించాను కూడా.

తర్వాతి సమావేశంలో ఏడుకొండలు లేచి నిలబడి ఒక ప్రశ్న వేశాడు.

"తెలక అడుగుతున్నానండి. గదిలో తొక్కితే గట్టు మీద తొక్కడం మెరుగవుద్దాండి?"

నిజానికి అది మంచి ప్రశ్న. ప్రపంచంలో పెద్దపెద్దవాళ్ళు కూడా అడుగుతున్న ప్రశ్నేనట. మామూలు మనిషైతే ఇద్దర్ని గట్టు మీదికి తోలి చూసేవాడు. ఈఈ గారు మాత్రం, ఒక ప్రశ్న లిఖితపూర్వకంగా గాకపోయినా ఉత్పన్నమైంది కనుక దాన్ని శాస్త్రీయంగానే తేల్చాలన్నారు. అంతర్గత, బహిర్గత సైకిల్ తులనాత్మక అధ్యయన సంఘం ఏర్పడింది. అధ్యక్షులు వారు, కన్వీనరు నేను.

పద్ధతి ఇదీ. ఆఫీసు వాళ్ళం ఆరు వారాలు గదిలోనే తొక్కాలి. లస్కర్లు ఆరు వారాలు గట్టు మీదే తొక్కాలి. ఆఖర్న రెండు వర్గాలనూ కొలవాలి. ఎక్కడ కొలవడమన్నది కొంత చర్చకు వచ్చింది. గట్టుకు మీటరు లేదు, యంత్రానికి ఉంది. అందువల్ల యంత్రం మీదే కొలిచాం. ఆఫీసు వాళ్ళం సగటున నూటికి నలభై ఒక్క వంతులు మెరుగయ్యాం. లస్కర్లు రెండు వంతులు, అదీ ఒకతను పొరపాటున తూము దగ్గర దిగడం మరిచిపోబట్టి.

నివేదిక నేనే రాశాను. "అంతర్గత సైక్లింగ్ వలన సామర్థ్యము పెరుగుచున్నదనియు, బహిర్గత సైక్లింగ్ వలన సిబ్బంది అలసిపోవుట తప్ప ప్రయోజనమేమియు కానరాలేదనియు సంఘము అభిప్రాయపడినది." ఇది ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ ప్రయోజనం లేదని తేలిన పనిని కొనసాగించడం తప్పవుతుంది గదా. మరుసటి వారం నుంచి గట్టు గస్తీని కూడా గదిలోకి మార్చారు.

గట్టును వీడియో తీయించి హాల్లో గోడ మీద వేయించారు. వీడియో జనవరిలో తీసింది, పై అధికారుల తనిఖీ కోసం గట్టంతా చెక్కి ముగ్గేసినప్పటిది. లస్కర్లు దాని ఎదురుగా యంత్రాలెక్కి పద్నాలుగు మైళ్ళూ తొక్కి, కనిపించినది రిజిస్టర్లో రాయాలి. బుంగలు: లేవు. ఎలుక బొక్కలు: లేవు. మట్టి జారుట: లేదు. అంత ఆరోగ్యవంతమైన గట్టు మా మండలి చరిత్రలో లేదు. రోజుకు రెండు ట్రిప్పులు కూడా అవలీలగా అయిపోతున్నాయి. హెడ్డాఫీసు నుంచి అభినందన లేఖ వచ్చింది.

ఒక్క లోపం ఉండేది. వీడియోలో మూడో మైలు దగ్గర గట్టుకు అడ్డంగా ఒక గేదె పడుకుని ఉంది. రూలు ప్రకారం పశువును గట్టు మీదికి వదిలిన ఆసామికి నోటీసివ్వాలి. రోజూ కనిపిస్తోంది కాబట్టి రోజూ ఇచ్చాం. ఇరవై మూడో నోటీసుకు ఆ రైతు వచ్చి, గేదెను మార్చిలోనే అమ్మేశానండి బాబూ, కావాలంటే పాక చూసుకోండని మొత్తుకున్నాడు. రికార్డు ప్రకారం గేదె ఇప్పటికీ గట్టు మీదే ఉన్నందున విజ్ఞప్తి తిరస్కరించాం.

అత్యవసరంలో ఎవరైనా నిజంగా గట్టు మీదికి వెళ్ళాల్సి వస్తే ఎలాగన్నదానికీ ఏర్పాటుంది. యంత్రం మీద అరవై మార్కులు వచ్చినవాళ్ళకే పాసు. తక్కువ వచ్చినవాడు గట్టు మీద సైకిలు తొక్కితే ప్రాణాపాయం, దానికి మండలి బాధ్యత వహించజాలదు. పాసు లేకుండా గట్టెక్కితే ఉద్యోగం తీసేయడమే. ఆ ఉత్తర్వు చదివి వినిపించినప్పుడు ఏడుకొండలు కింద సంతకం పెట్టి యంత్రమెక్కాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా దేనికీ ఎదురు చెప్పి ఎరగడు.

సెప్టెంబరు వచ్చింది. కాలువ నిండుగా పారుతోంది. చేలు పొట్ట మీదున్నాయి. ఒకరోజు పదిన్నర ప్రాంతంలో, మోకాళ్ళదాకా బురదతో ఒక మనిషి మా ఆఫీసు మెట్లెక్కింది. పేరు కొప్పిశెట్టి మంగ. తొమ్మిదో మైలు దగ్గర గట్టు కిందే ఎనభై గడప కాలనీ ఉంది, అక్కడి మనిషి. వానాకాలం ఆ కాలనీకి గట్టు తప్ప దారి లేదు. పాలవాడి సైకిలు వెనక కూర్చుని వచ్చానంది. మూడు రోజుల్నుంచి ఫోన్ చేస్తున్నా ఎవరూ ఎత్తడం లేదట. ఫోను బంగళా హాల్లో ఉంది, అక్కడ పాటలు మోగుతూ ఉంటాయి.

పెరట్లో గట్టు అడుగునుంచి నీళ్ళు ఊరుతున్నాయని ఆమె ఫిర్యాదు. ఈఈ గారు ఆమెను హాల్లోకి తీసికెళ్ళి వీడియోలో తొమ్మిదో మైలు పెట్టించి చూపించారు. గట్టు పొడిగా, ముగ్గుతో మెరిసిపోతోంది. ఆమె దాన్ని కాసేపు చూసి, ఇది మా ఊరేనండి గాని ఇయ్యాల్టిది కాదండి అంది. వారు నవ్వి, ఈ పొద్దున్నే అక్కడిదాకా గస్తీ తిరిగొచ్చిన లస్కరు ఇక్కడే ఉన్నాడని ఏడుకొండల్ని పిలిచారు.

ఏడుకొండలు యంత్రం దిగి వచ్చాడు. వారి వైపు చూడలేదు.

"నీళ్ళు తేటగా వత్తన్నాయా అమ్మా, మట్టిగా వత్తన్నాయా?"

"నిన్నటిదాకా తేటే బాబాయ్. ఇయ్యాల ఎర్రగా వత్తన్నాయి."

కాలువ పక్కన పుట్టినవాడికి ఎవరికైనా తెలుస్తుంది, నాకూ తెలుసు. తేట నీరు ఊరితే గట్టు చెమరుస్తోందని అర్థం. మట్టి నీరు వస్తే లోపల బుంగపడి గట్టును తినేస్తోందని అర్థం. సాయంత్రంలోగా గండి పడుతుంది, ఎనభై ఇళ్ళూ నీళ్ళలో ఉంటాయి. అతను ఈఈ గారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడి, ఒక్కసారి వెళ్ళొత్తానండి అని అడిగాడు.

వారు చెడ్డవారు కాదు. వెళ్ళమనే అన్నారు, అయితే పాసుతో. పంతొమ్మిది మార్కులవాణ్ణి పంపి జరగరానిది జరిగితే ఎవరు జవాబుదారీ? ప్రణీత్‌ని పిలిచి అప్పటికప్పుడు ప్రత్యేక పరీక్ష పెట్టించారు. నలభై ఐదు నిమిషాలు. ఏడుకొండలు పళ్ళు బిగబట్టి తొక్కాడు. దిగకూడదు, దిగకూడదు అని పైకే అనుకుంటున్నాడు. పది నిమిషాలకు ఎడమకాలు తనంతట తాను నేల మీదికి వచ్చేసింది. మంగ గోడకానుకుని నిలబడి గడియారం వంక చూస్తోంది. చివరికి ఇరవై మూడు మార్కులొచ్చాయి.

"మెరుగుదల ఉంది," అన్నారు ఈఈ గారు. "కాని అర్హత లేదు. అర్హత ఉన్నవాళ్ళమే వెళ్దాం. రండి, ప్రకాశం గారూ."

నేనే ఆ ప్రకాశాన్ని. ఎనభై ఎనిమిది మార్కుల కాగితం ఫ్రేము కట్టించుకున్నవాణ్ణి, కాదని ఏ మొహంతో అనను?

షెడ్డులో మూలపడ్డ లస్కర్ల సైకిళ్ళు రెండు దులిపించారు. వారు హెల్మెట్టూ నల్లకళ్ళద్దాలూ పెట్టుకుని, ఒంటికి అతుక్కుపోయే లాగూ తొడుక్కుని వచ్చారు. బయల్దేరేసరికి పన్నెండైంది. ఒక్క మాట న్యాయంగా చెప్పాలి, ఆయాసమన్నది రాలేదు. అది యంత్రం చలవే, అబద్ధమాడను. ఊపిరీ బాగానే ఉంది, పిక్కలూ బాగానే ఉన్నాయి. తక్కినవేవీ బాగాలేవు. యంత్రం పక్కకు పడదు, సైకిలు పడుతుంది. గదిలో గాలి వీయదు, కాలువ మీద వీస్తుంది. మొదటి గుంజల సందులో నా హ్యాండిలు తట్టుకుని మోచెయ్యి చెక్కుకుపోయింది. రెండో మైలు దగ్గర ఎదురుగాలి పెరిగితే ఈఈ గారు క్లాసులో మాదిరి సీటు మీంచి లేచి బలంగా తొక్కారు. బలానికి లోటు లేదు. అంత బలంతోనూ నేరుగా గట్టు దిగి తుంగలోకి వెళ్ళిపోయారు. నేను బ్రేకు వేయబోయి ముందుకు పడ్డాను, నా సైకిలు ముందు చక్రంలో తుమ్మముల్లు దిగింది.

వారిని చెయ్యిపట్టి పైకి లాగుతుండగా వెనకనుంచి గంట వినిపించింది. ఏడుకొండలు వస్తున్నాడు. సైకిలు వెనక గోనెసంచుల కట్ట, పార. పాసు లేదు. అతను అలా తొక్కడం నేనెప్పుడూ చూడలేదు. మా దగ్గరికి వచ్చేసరికి దిగుతాడనుకున్నాను. దిగలేదు.

"దిగడానికి టైము లేదండి, తప్పుగా అనుకోకండి," అన్నాడు పోతూ పోతూ.

వారు వెనక్కి ఆఫీసుకు వెళ్ళిపోయారు. నేను కాలినడకన తొమ్మిదో మైలు చేరేసరికి మూడు గంటలైంది. కాలనీ అంతా గట్టు మీదే ఉంది. ఏడుకొండలు కాలువలోకి దిగి, నీటి అడుగున కాళ్ళతో వెతికి బుంగ నోరు పట్టుకున్నాడట. మట్టి కూరిన గోనెసంచులు ఒకదాని మీదొకటి దానిలోకి తొక్కారు. బయటివైపు మంగ వాళ్ళ పెరట్లో ఊట చుట్టూ కట్ట కట్టారు. నేను చూసేసరికి నీరు ఎరుపు తగ్గి తేటబారుతోంది. అతను మెడలోతు నీళ్ళలో గట్టుకానుకుని ఉన్నాడు, పెదాలు నీలంగా ఉన్నాయి. ఎనభై ఇళ్ళలోనూ సాయంత్రం పొయ్యిలు వెలిగాయి. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తర్వాత విచారణ జరిగింది. మండలికి పెద్ద చిక్కే వచ్చింది. అర్హత ఉన్న ఇద్దరి సైకిళ్ళూ రెండో మైలు దగ్గరే ఆగిపోయాయి, అర్హత లేనివాడు గట్టు కాపాడాడు. దీన్ని ఉన్నదున్నట్టు రాస్తే యంత్రాలు వృథా అని రాసినట్టవుతుంది. ఈఈ గారు రెండు రోజులు పాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నారు. మూడో రోజు ముఖం వెలిగిపోతూ నన్ను పిలిచి డిక్టేషన్ ఇచ్చారు.

"పూర్వము సదరు లస్కరుకు తొమ్మిదవ మైలు చేరుటకు రెండున్నర గంటలు పట్టుచుండెను. అంతర్గత శిక్షణ అనంతరము యాభై నిమిషములలో చేరగలిగెను. అనగా వేగము మూడు రెట్లు పెరిగినది. కావున గదిలో సైకిల్ తొక్కుట వలన గట్టుపై సైకిల్ తొక్కుట మెరుగుపడునని నిర్ద్వంద్వముగా రుజువైనది."

అప్పట్లో రెండున్నర గంటలు పట్టింది తూము తూముకూ దిగి చూడడం వల్లనండి అని చెబుదామని నోరు తెరిచాను. వారు తలెత్తి చూశారు. ఆ వాక్యం తప్పులు లేకుండా టైపు చేశాను.

ఏడుకొండలుకు శాలువా కప్పారు. పాసు లేకుండా గట్టెక్కినందుకు అదే రోజు మెమో ఇచ్చారు. రెండూ నా చేతి మీదుగానే వెళ్ళాయి. ఉద్యోగం తీసేయకుండా దయతలచి, ఆదర్శ లస్కరు హోదాలో బంగళా హాల్లోనే శాశ్వతంగా వేశారు. ఆరు నుంచి ఆరు దాకా యంత్రం మీద ఉండి, మిగతా సబ్‌డివిజన్ల నుంచి వచ్చే బృందాలకు తొక్కి చూపించాలి. మళ్ళీ గట్టు మీద కనిపిస్తే ఈసారి క్షమించేది లేదని సంతకం తీసుకున్నారు. అతని సైకిలును రుజువు కింద స్టోర్లో పెట్టి సీలు వేశారు. మండలి పరిధిలోని అన్ని కాలువలకూ యంత్రాలు మంజూరయ్యాయి.

నెల తిరక్కుండానే రెండు రోజులు కుంభవృష్టి పడింది. మర్నాడు నేనేదో సంతకానికి హాల్లోకి వెళితే ఏడుకొండలు తొక్కుతూనే నన్ను దగ్గరికి పిలిచాడు. ప్రణీత్‌కు వినపడకుండా మెల్లగా మాట్లాడాడు.

"తొమ్మిదో మైలు మంగ చూసుకుంటదండి. ఆరో మైలు తూము కాడ ఇల్లూ వాకిలీ లేవు, చెప్పేవోడు లేడు. ఆ తూము పక్క గోడ ఎనకాల నాకెప్పట్నుంచో అనుమానమండి. మీకు పాసుంది కదండీ, ప్రకాశం గారూ. ఒక్కపాలి ఎల్లి, నీళ్ళు ఎట్టా ఉన్నాయో చూసి చెప్పండి."

తప్పకుండా వెళ్తానన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. తెల్లారి ఐదింటికి షెడ్డులోంచి సైకిలు తీశాను. వాన నీటికి గట్టంతా జారుడుగా ఉంది. రెండో మైలు రాయి దాకా మూడుసార్లు పడి లేచాను. నాలుగోసారి పడ్డప్పుడు మోకాలు వాచింది. ఆ రాయి మీద కూర్చుని, ఇంకా నాలుగు మైళ్ళు నడవాలి, నడిచి తిరిగి రావాలి, పదింటికి ఆఫీసు అనుకున్నాను. కాసేపు కాలువ వంక చూశాను. వెనక్కి వచ్చేశాను.

పదకొండింటికి హాల్లోకి వెళ్ళాను. పక్క జిల్లా బృందం వచ్చి ఉంది, పాటలు మోగుతున్నాయి. ఏడుకొండలు తొక్కడం ఆపి, నా కుంటినడక చూసి, పాపం నా కోసం ఇంత కష్టపడ్డారా అన్నట్టు రెండు చేతులూ జోడించాడు.

"నీళ్ళు ఎట్టా ఉన్నాయండి?"

"తేటగానే ఉన్నాయి," అన్నాను.

అతను అమ్మయ్య అని ఊపిరి పీల్చుకుని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు.